చలన గదిలో పన్నెండు వాక్యాలు

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న రెండో ఏడాది, సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం (అక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే), కువైట్‌లోని అబ్బాసియాలో నేను పనిచేస్తున్న భారతీయ పాఠశాలవారు నన్ను సైన్సు ల్యాబ్ నుంచి కొత్తగా పెట్టిన చలన గదికి మార్చారు. నా హోదా టెక్నికల్ అసిస్టెంట్. పేరు వినడానికి పెద్దగా ఉంటుంది గానీ, బడి వరుసలో అది టీచరుకు కింద, అటెండరుకు పైన. పాఠం చెప్పే అధికారం లేదు. పరికరం ఇచ్చిన అంకెలు సరైనవేనని ప్రతి పేజీ కింద సంతకం పెట్టే బాధ్యత మాత్రం ఉంది. ఇక్కడ రాస్తున్నది ఆ సంతకాల్లో ఒకదాని గురించి.

నేను చదివింది ఇంటర్ వరకే. జగిత్యాల నుంచి కువైట్‌కు కూలీగా వచ్చాను. కట్టడాల దగ్గర హాజరు రాసే టైంకీపర్‌గా, ఆ తర్వాత సర్వేయరు వెనక టేపు పట్టేవాడిగా పనిచేస్తూ లెక్క నేర్చుకున్నాను. సగటు తీయడం, నూటికి ఎంతో చూడటం, వచ్చిన అంకెను అనుమానించడం సర్వేయరు పారేసిన కాగితాల వెనక చేసి చూసుకున్నవే. ఇలా నేర్చుకున్నవాడికి తప్పు ఎక్కడుందో చూపించే గురువు ఉండడు. అందుకని ప్రతి లెక్కా మూడుసార్లు చేసేవాడిని. ఈ వ్యవహారంలోనూ మూడుసార్లే చేశాను.

చలన గదిలో జరిగేదేమిటో ముందు చెప్పాలి. గది కప్పుకు ఒక ప్రొజెక్టరు బిగించి ఉంటుంది. అది నేల మీద పరిచిన తెల్లటి షీటు మీద బొమ్మలు వేస్తుంది. పక్కనే ఒక కెమెరా ఉంటుంది. అది పిల్లల ముఖాలు చూడదు. తల, భుజాలు, మోచేతులు, మోకాళ్ళు, పాదాలు ఎక్కడున్నాయో చుక్కలుగా మాత్రమే గుర్తిస్తుంది. ఏ చుక్క ఎంత జరిగిందో క్షణక్షణానికీ కంప్యూటరులో రాసుకుంటుంది. దీన్ని మా బడిలో జాతీయాలు నేర్పడానికి వాడారు. 'గాలిలో తేలిపోయాడు', 'నీరుగారిపోయాడు', 'తల పట్టుకున్నాడు' లాంటి మాటలకు అర్థం అక్షరాల్లో ఉండదు. కువైట్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు అవి ఇంట్లో సగం వినపడతాయి, సగం వినపడవు. మాటలోని బొమ్మను ముందు ఒంటితో చేసి చూస్తే, ఆ తర్వాత దాని అసలు అర్థం తొందరగా పట్టుబడుతుందని ఈ పద్ధతి పెట్టినవాళ్ళ నమ్మకం.

ఒక్కో పిల్లకు పన్నెండు వాక్యాలు. టీచరు వాక్యం చదువుతారు. పిల్ల అయిదు సెకన్లలో ఆ మాటను ఒంటితో చేసి చూపాలి. కదలిక ఒక హద్దు దాటితే నేల మీద నాలుగు బొమ్మలు వెలుగుతాయి. వాటిలో వాక్యానికి సరిపోయే అర్థం ఏ బొమ్మలో ఉందో చూసి దాని మీద కాలు పెట్టాలి. హద్దు దాటకపోతే బొమ్మలు వెలగవు, ఆ వాక్యానికి సున్నా. పన్నెండింటికి ఏడు వస్తే గట్టెక్కినట్టు.

తెలుగు పీరియడ్లు చూసేది విజయ టీచరు. ఆమెది అమలాపురం. ఆ గదిలో ఆమె నవ్వని రోజు నాకు గుర్తులేదు. 'కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది' అన్న వాక్యం చదివితే ఒక పిల్లవాడు తల వెనక్కి వాల్చి, కనురెప్ప లాగి పట్టుకుని, "మా తాతకి ఆపరేషన్ అయినాక డ్రాప్స్ వేసినట్టా టీచర్?" అన్నాడు. వాడు వత్తి అనే వస్తువును జన్మలో చూడలేదు.

"అంతేరా నాయనా. చుక్కలు వేశాక రెప్ప వాల్చకుండా ఉండమంటారా, లేదా? అలా ఎదురుచూసిందన్నమాట," అన్నారు టీచరు. ఆ వాక్యాన్ని తరగతిలో ఎవరూ మళ్ళీ తప్పలేదు.

నా పని ఆ హద్దు ఎంతో నిర్ణయించడం. పరికరం అమ్మినవాళ్ళు ఇచ్చిన హద్దు మన పిల్లలకు సరిపోలేదు. అందుకని నేనే ఒకటి కట్టాను. ఒంటిలో ఏ చుక్క ఎక్కువ జరిగిందో చూసి, ఆ దూరాన్ని పిల్ల ఎత్తుతో భాగించి, నూటికి లెక్క వేశాను. ఇరవై మంది పిల్లలను పెట్టి కొలిస్తే సగటు నలభై రెండు వచ్చింది. అందులో మూడింట రెండు వంతులు, అంటే ఇరవై ఎనిమిది, హద్దుగా పెట్టాను. వైస్ ప్రిన్సిపల్ మేడమ్ ఆ కాగితం చూసి ఒప్పుకున్నారు. ఆమె కేరళవారు, ఇంగ్లీషులోనే మాట్లాడతారు, ఏ ఫైలూ చదవకుండా సంతకం పెట్టరు.

ఫిబ్రవరి చివరి వారంలో మూడో తరగతి పిల్లల ఫలితాలు పైకి పంపాము. వాటి విలువ అప్పుడే పెరిగింది. మార్చిలో పై తరగతికి ఎవరిని పంపాలో చూసే కమిటీ ఉంటుంది. ఇంగ్లీషులో వెనకబడిన పిల్లలను ఆ ఒక్క కారణంతో ఆపరు. ఇంట్లో మాట్లాడే భాషలో కూడా మాట అర్థం కావడం లేదని తేలితే మాత్రం, ఈ పిల్లకు ప్రత్యేక బోధన కావాలని రాస్తారు. ప్రత్యేక బోధన మా బడిలో లేదు. ఆ రాత పడితే పిల్లను వేరే బడి చూసుకోమని పంపించడమే. మధ్యలో సీటు ఇచ్చే బడులు కువైట్‌లో ఎన్ని ఉంటాయో అందరికీ తెలుసు.

ఇంగ్లీషులోనూ తెలుగులోనూ తక్కువ వచ్చినవాళ్ళు ముగ్గురు తేలారు. వాళ్ళలో అందరికంటే కింద యామిని. వయసు ఎనిమిది, ఎత్తు నూట పంతొమ్మిది సెంటీమీటర్లు, పన్నెండింటికి ఒక్కటి. పేజీ కింద నా సంతకం ఉంది. కమిటీ గురువారం మధ్యాహ్నానికి పెట్టారు. ఇంటికి ముందస్తు చీటీ ఆదివారమే వెళ్ళింది.

సోమవారం నాడు పాత రికార్డులు వేరే డిస్కులోకి మారుస్తూ ఆ ముగ్గురి గీతలు ఒకదాని కింద ఒకటి చూశాను. గీత అంటే కదలిక ఎప్పుడు ఎంత ఉందో చూపించే బొమ్మ. మిగతా ఇద్దరి గీతలు వాక్యం చదివాక కూడా చదునుగా ఉన్నాయి. ఊరికే నిలబడ్డ మనిషి ఊపిరికి కూడా మూడో నాలుగో వస్తుంది. అంతే ఉంది. యామిని గీత అలా లేదు. టీచరు వాక్యం ముగించిన రెండు సెకన్లలోపు ఒక చిన్న మిట్ట. తొమ్మిది, పదకొండు, పదమూడు. మళ్ళీ చదును. పన్నెండు వాక్యాలకు పదకొండు మిట్టలు, పదకొండూ సరైన సమయానికే. ఒక్కసారి మాత్రం ఏ కారణంచేతో ముప్ఫై దాటింది. ఆమెకు వచ్చిన ఆ ఒక్క మార్కు అదే.

అర్థం కాని పిల్ల సరిగ్గా వాక్యం ముగిశాకే ఎందుకు కదులుతుంది? ఈ ప్రశ్న రాగానే ఆ రికార్డు మూసి మళ్ళీ తెరిచి చూశాను. పిల్ల గురించి ఎంత భయమో నా గురించి అంత భయం. నా ఒప్పందం జూన్‌లో తిరగరాయాలి. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి, దానితోనే నడుస్తుంది. హద్దు కట్టినవాడు, సంతకం పెట్టినవాడు ఒక్కడే.

విజయ టీచరుకు గీతలు చూపించాను. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని, "మిట్టలున్నాయి, సరేనండీ. మరి నాకెందుకు కనపళ్ళేదు? నేనా పిల్ల ఎదురుగానే నించున్నాను కదా!" అన్నారు. కాసేపటికి ఆమే, "హద్దు కట్టడానికి ఏ పిల్లల్ని కొలిచారు రాజేశం గారూ?" అని అడిగారు.

సాయంత్రం బస్సు ఆలస్యంగా వెళ్ళే పిల్లలనని చెప్పాను. అక్టోబరులో వాళ్ళే దొరికారు.

"అక్టోబరులో సాయంత్రం దాకా ఉండేది ఎవరండీ? వార్షికోత్సవం డాన్సు పిల్లలు! నేనే కదా వాళ్ళ చేతులు బారలు చాపించి చాపించి తయారుచేసింది. చెయ్యి సగం చాపితే పీక పిసికేదాన్ని. అయ్యో, ఆ పిల్లల్ని పెట్టి కొలిచారా?"

సర్వేయరు దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి, టేపు ఎక్కడ ఆన్చి పట్టుకున్నామో చూసుకోవడం. నేను డాన్సు ప్రాక్టీసు దగ్గర ఆన్చి పట్టుకున్నాను.

అయినా అది సగం జవాబే. తరగతిలో మిగతావాళ్ళు చాలామంది డాన్సు పిల్లలు కాకపోయినా హద్దు దాటారు కదా. ఈ ఒక్క పిల్లే ఎందుకు ఇంత చిన్నగా కదులుతోంది? మంగళవారం బడి అయ్యాక టీచరూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాము. బడి తరఫున ఇంటికి వెళ్ళాలంటే రిజిస్టరులో కారణం రాయాలి. టీచరు 'హాజరు విషయం' అని రాశారు. యామిని ఏడాదంతా ఒక్క రోజు కూడా మానలేదు. ఆ కారణం ఎవరైనా చదివి నవ్వుతారేమోనని దారంతా నాకు బెరుకుగానే ఉంది.

అబ్బాసియాలో రెండు గదుల ఫ్లాటును రెండు కుటుంబాలు పంచుకోవడం మామూలే. వీళ్ళది రాజంపేట వైపు. తండ్రి వెంకటసుబ్బయ్య షర్క్‌లో ఒక పెద్ద భవనానికి ఏసీ టెక్నీషియన్, రాత్రి డ్యూటీ. ఉదయం ఎనిమిదింటికి వచ్చి పడుకుంటాడు. తల్లి లక్ష్మీదేవి తలుపు ఓరగా తీసి, పెదాల మీద వేలు పెట్టి, చెప్పులు చేత్తో తీసి పక్కన పెట్టమని సైగ చేసింది.

"మెల్లగ రాండి సార్. ఆయప్ప పండుకోనుండాడు. పక్క రూంలో వాళ్ళగ్గూడా రాత్రి డూటీనే," అంది. మాట గొంతులోంచి కాక ఊపిరిలోంచి వచ్చినట్టుంది.

గది మధ్యలో ఒక పరదా. అవతల మంచం, ఇవతల చాప, బీరువా, కుక్కరు. అలవాటు కొద్దీ నేల పలకలు లెక్కపెట్టాను. బీరువాకీ పరదాకీ మధ్య రెండున్నర పలకలు, అంటే ఒక మీటరు. యామిని చాప మీద కూర్చుని హోంవర్క్ చేస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. లేవడంలో చప్పుడు లేదు. పుస్తకం మూసింది, అందులోనూ లేదు. పెన్సిలు డబ్బా మూతకు కింద గుడ్డ అతికించి ఉంది.

టీచరు వంగి, 'గాలిలో తేలిపోయింది' అని చెవిలో చెప్పి చూపించమన్నారు. పిల్ల మడమలు రెండు వేళ్ళ ఎత్తు లేపింది. చేతులు తొడలకు ఆనించే ఉంచి, అరచేతులు మాత్రం బయటికి తిప్పి వేళ్ళు ఆడించింది. కళ్ళు మూసుకుంది. అర్థం ఏమిటని అడిగితే, పెదాలు కదిపి చెప్పింది: "సంతోసం ఎక్కువైనాది."

'నీరుగారిపోయింది' అంటే భుజాలు ఒక అంగుళం దించి, తల వాల్చింది. అంత చిన్న కదలికలో అంత నీరసం తను పెద్ద నటుల్లో కూడా చూడలేదని టీచరు తర్వాత అన్నారు. నాకు తెలిసింది మాత్రం ఒకటే. ఆ రెండూ నా లెక్కలో పదికి మించవు.

అప్పుడు పరదా వెనకనుంచి గొంతు వినపడింది. "నేనేం నిద్ర పోలా సార్. కూలర్లు మోగుతుంటే పండుకుంటా, బస్సులు పోతుంటే పండుకుంటా. ఇంట్లో ముగ్గురు గుసగుసలాడ్తే యాడ నిద్ర పడ్తాది?"

వెంకటసుబ్బయ్య బనీను సరిచేసుకుంటూ బయటికి వచ్చాడు. వచ్చి, దిండు కింద మడిచి పెట్టుకున్న బడి చీటీ తీశాడు. దాన్ని ఎన్నిసార్లు విప్పి మడిచాడో, మడత దగ్గర కాగితం చిరిగి ఉంది.

"పాపకు బుర్ర ల్యాదని రాసినారా సార్ దీంట్లో?"

అలా రాయలేదని చెప్పాను.

"ఏం రాసినా లాస్టుకు ఏందంటే, బడి ల్యాకుంటే వీళ్ళిద్దరూ ఊరికి పోవాల, నేనొగన్నే ఈడ ఉండాల. అంతే కదా? అది సెప్పండి, పొయ్యేదానికి టికెట్లు చూసుకుంటా." ఆ మాట అంటూ కూతురు వింటోందని గుర్తొచ్చి, "యామినీ, సార్‌కు నీళ్ళీ పో మా," అన్నాడు. పిల్ల గ్లాసును స్టీలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. పళ్ళానికీ గ్లాసుకూ మధ్య చిన్న చేతి గుడ్డ మడిచి పెట్టి ఉంది.

మెట్లు దిగుతూ విజయ టీచరు, "ఈ సంగతి మేడమ్‌కి మీరు చెప్తారా, నేను చెప్పనా?" అన్నారు. సంతకం నాది కాబట్టి నేనే చెబుతానన్నాను. చెప్పేముందు సరైన లెక్క చేతిలో ఉండాలనుకున్నాను. ఊరికే హద్దు తగ్గిస్తే పని అయిపోదు. తొమ్మిదికి దించితే, అటూ ఇటూ ఊగుతూ నిలబడే పిల్లలు కూడా అర్థమైనట్టు లెక్కలోకి వస్తారు. ఈ ఒక్క పిల్లకు దించితే పక్షపాతం అవుతుంది.

దారి నా రికార్డుల్లోనే ఉంది. ఆట మొదలుపెట్టేముందు కెమెరా మనిషిని గుర్తుపట్టడానికి ప్రతి పిల్లా ఒకసారి చెయ్యి ఊపాలి. ఆ ఊపు కూడా రికార్డవుతుంది. దాన్ని అంతవరకు ఎవరూ చూడలేదు, చూడాలన్న ఆలోచన నాకూ రాలేదు. తరగతిలో చాలామంది ఊపు నలభై దరిదాపుల్లో ఉంది. చదును గీతలున్న ఆ ఇద్దరివి ముప్ఫై ఎనిమిది, నలభై. యామినిది పన్నెండు. ఎవరి ఊపుకు వాళ్ళ హద్దు, అందులో మూడింట రెండు వంతులు అనుకుంటే యామిని హద్దు ఎనిమిది. ఆమె పదకొండు మిట్టలూ ఎనిమిదికి పైనే. ఆ ఇద్దరూ ఈ లెక్కలో కూడా కిందే ఉన్నారు. అంటే కొత్త లెక్క అందరినీ గట్టెక్కించడం లేదు, తేడా చూపిస్తోంది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే వచ్చింది.

బుధవారం పొద్దున చెప్పాలనుకున్నాను. ఆ రోజు దుమ్ము లేచింది. కిటికీలోంచి ఎదుటి బిల్డింగు కనపడలేదు. బడికి సెలవు ప్రకటించారు. మేడమ్ ఫోన్ ఎత్తలేదు. నేను గదిలో కూర్చుని అదే కాగితం మళ్ళీ మళ్ళీ శుభ్రంగా రాశాను. నాలుగో ప్రతిలో నాకే తెలియకుండా 'నా పొరపాటు' అన్న మాట బదులు 'పద్ధతిలోని పొరపాటు' అని రాశాను. అది చూసి ఆ కాగితం చించేసి, మూడో ప్రతినే కవరులో పెట్టుకున్నాను.

గురువారం ఆరున్నరకే మేడమ్ గది ముందు నిలబడ్డాను. ఆమె కాగితం రెండుసార్లు చదివారు. ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసిందని అడిగారు. సోమవారం అన్నాను. సోమవారమే ఎందుకు చెప్పలేదన్నారు. లెక్క పూర్తికాలేదన్నాను. మీ లెక్క పూర్తయ్యేదాకా ఆ తల్లిదండ్రులు చీటీ పట్టుకుని కూర్చున్నారు కదా అన్నారు.

తర్వాత ఆమె ఒక న్యాయమైన మాట అన్నారు. ఈ మిట్టలు పిల్ల కదిలిందని చెబుతాయే గానీ, అర్థం చేసుకుందని చెప్పవు. బొమ్మల దాకా ఆమె వెళ్ళనే లేదు. కాబట్టి కమిటీకి ముందే, మొదటి పీరియడ్‌లో, తన ఎదుట, కొత్త వాక్యాలతో మళ్ళీ పెట్టమన్నారు. ఏడు వస్తే తెలుగు ఫలితం మార్చి రాస్తారు. రాకపోతే పాతదే కమిటీకి వెళుతుంది.

ఏడుంబావుకు యామినిని పిలిపించాము. విజయ టీచరు కొత్త వాక్యాలు పట్టుకుని ఒక పక్క, మేడమ్ కుర్చీలో మరో పక్క, నేను కంప్యూటరు దగ్గర. పద్ధతి ప్రకారం ప్రతిసారీ పిల్లలకు చెప్పే మూడు మాటలు చెప్పాను. బూట్లు విప్పాలి. షీటు దాటి పోవద్దు. దుంకొద్దు, చప్పుడు చేయొద్దు. పిల్ల తల ఊపింది. కెమెరాకు చెయ్యి ఊపింది. పదకొండు. హద్దు ఏడు పాయింటు మూడు పెట్టాను.

మొదటి వాక్యం. గీత నాలుగు దగ్గర ఆగింది. బొమ్మలు వెలగలేదు. రెండోది మూడు. మూడోది నాలుగు. ఇంట్లో చూసినంత కూడా లేదు. మేడమ్ కాగితం మీద మూడు సున్నాలు వేశారు. విజయ టీచరు నా వైపు చూశారు. పరీక్ష జరుగుతుండగా పిల్లకు ఏదీ చెప్పకూడదన్నది నేను రాసిన నియమమే. ఇంకా తొమ్మిది వాక్యాలున్నాయి, వాటిలో ఏడు కావాలి.

నాలుగో వాక్యం చదవడానికి టీచరు నోరు తెరిచేలోపు పిల్ల నా వైపు తిరిగింది.

"సార్, ఈడ ఎవురు పండుకోనుండారు?"

నాకు అర్థం కాలేదు. ఏమన్నావు బిడ్డా అని అడిగాను.

"చప్పుడు చేయద్దంటారు కదా సార్ ఎప్పుడూ. మొన్న గుసగుసలకే మా నాయనకు నిద్ర పట్టలా. పక్క రూంలో ఎవురన్నా పండుకోనుండారా?"

పక్క గది స్టోరు రూము. విరిగిన బెంచీలు ఉంటాయి. మేడమ్ ఏమిటని అడిగారు. టీచరు ఇంగ్లీషులో చెప్పారు. మేడమ్ పెన్ను కింద పెట్టి, ఆ నియమం ఎక్కడిదని నన్ను అడిగారు. పరికరం పుస్తకంలో ఉందా? లేదు. మరి?

గది పెట్టిన మొదటి వారంలో ఒక పిల్లవాడు గెంతితే కప్పుకు ఉన్న ప్రొజెక్టరు బిగింపు కదిలి, నేల మీద బొమ్మ రెండు అంగుళాలు పక్కకు జరిగింది. ఆ రోజే బోల్టులు బిగించాను. కానీ దుంకొద్దన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. అయిదు నెలలుగా ప్రతి పిల్లకూ చెబుతున్నాను. మిగతా పిల్లలు రెండో నిమిషంలో మరిచిపోయేవారు. వాళ్ళు మరిచిపోతున్నారన్న సంగతే నేను గమనించలేదు. మరిచిపోని పిల్ల ఒక్కతే ఉంది.

మేడమ్ నాతో, చెప్పవలసింది మీరే చెప్పండి అన్నారు.

"ఎవ్వలు పండుకొని లేరు బిడ్డా. ఆ రూంల బెంచీలున్నయ్. అవిటికి నిద్ర రాదు. నీకెట్ల వస్తె అట్ల చెయ్యి. దుంకుతె దుంకు," అన్నాను.

"గట్టిగానా?"

"గట్టిగనే. నేనే చెప్తున్న."

"యల్లా!" అన్నారు విజయ టీచరు, బస్సు ఎక్కే పిల్లలను తోలినట్టు. అని నాలుగో వాక్యం చదివారు. 'పరీక్షలో ఫస్టు వచ్చేసరికి వాడి కాళ్ళు నేల మీద నిలవలేదు.'

యామిని ఒక క్షణం ఆగింది. మోకాళ్ళు వంచింది. తర్వాత రెండు కాళ్ళూ కలిపి గెంతింది, ఇంకోసారి గెంతింది. దిగిన చప్పుడుకు తనే ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. నేల మీద నాలుగు బొమ్మలు వెలిగాయి. కాలికి కట్టు కట్టుకున్న పిల్లవాడు, పరుగు పందెం, సంబరంగా ఉన్న పిల్లవాడు, విమానం. ఆమె నేరుగా మూడోదాని మీద కాలు పెట్టింది.

నాలుగోదానితో కలిపి తొమ్మిదింటిలో ఎనిమిది సరైనవి. ఒకటి తప్పు. 'గుండె రాయి చేసుకున్నాడు' అన్నదానికి ఆస్పత్రి బొమ్మ ఎంచుకుంది. పన్నెండింటికి ఎనిమిది. మేడమ్ అంకె వేసి, చుట్టూ గీత గీసి, నా వైపు కాగితం తిప్పారు. సంతకం పెట్టాను. మధ్యాహ్నం కమిటీ యామిని పేరు దగ్గర పై తరగతికి అని రాసింది. మిగతా ఇద్దరికీ, దుంకొద్దు, చప్పుడు చేయొద్దన్న మాట చెప్పకుండా, కొత్త లెక్కతో మళ్ళీ పరీక్ష పెట్టాము. ఒకరికి ఏడు వచ్చింది. ఇంకొకరికి మళ్ళీ తక్కువే వచ్చింది. విజయ టీచరు రాసిచ్చిన లేఖ మీద ఆ పిల్లను వేసవి దాకా విడిగా కూర్చోబెట్టి చెప్పడానికి ఒప్పుకున్నారు.

ఆ రోజు సాయంత్రం ఎవరూ అడగకుండానే ఇంకో లెక్క చేశాను. యామిని నాలుగో వాక్యం నుంచి చేసిన తొమ్మిది కదలికలనూ నా పాత హద్దు, డాన్సు పిల్లల దగ్గర తెచ్చిన ఆ ఇరవై ఎనిమిది, పక్కన పెట్టి చూశాను. బొమ్మ సరిగ్గా ఎంచుకున్న ఎనిమిదింటిలో ఏడు దాన్ని కూడా దాటాయి. ఏడంటే గట్టెక్కే అంకె. నేను మూడు రోజులు కట్టిన కొత్త లెక్క మంచిదే. అప్పటి నుంచి బడిలో అదే వాడారు. కానీ ఆ పిల్ల విషయంలో దాని అవసరం పడలేదు. చప్పుడు చేయొద్దన్న ఆ మాట నేను అనకుండా ఉంటే పాత హద్దుతోనే ఆమె గట్టెక్కేది.

మేడమ్ నా ఫైలులో ఒక మెమో పెట్టారు. ఆలస్యంగా తెలియజేసినందుకు అని ఉంది, తప్పు లెక్కకు అని లేదు. జూన్‌లో ఒప్పందం తిరగరాశారు. ఇంకో మూడేళ్ళు అదే గదిలో పనిచేసి, యాభై ఆరో ఏట మానేసి ఊరికి వచ్చాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఉపయోగపడుతుందని ఒక్క సంగతి రాస్తున్నాను. ఆ గురువారం తర్వాత ప్రతి ఫలితాల పేజీకీ అన్నిటికంటే పైన ఒక గడి చేర్చాను. కొలిచేముందు పిల్లకు ఏం చెప్పామో అందులో ఉన్నదున్నట్టు రాయాలి. అది నింపకుండా కింద అంకెలు వేయకూడదు. నా స్థానంలో వచ్చినతనికి గది అప్పగించేటప్పుడు కెమెరా కంటే ముందు ఆ గడి చూపించాను. ఇంత చిన్నదానికి ఇంత పెద్ద గడి ఎందుకని అడిగాడు. ముందు ఒక నెల నింపి చూడమన్నాను.